ఇతరాలు అనే గడి

ముప్పైరెండేళ్ల ఉద్యోగంలో నేను ఎక్కువగా చేసిన పని లెక్కపెట్టడం. జీవశాస్త్రవేత్త అనగానే అందరికీ తెల్లకోటూ గాజు గొట్టాలూ గుర్తొస్తాయి. నా సామగ్రి మాత్రం ఒక గొడుగు, ఒక ముక్కాలిపీట, అట్టకు బిగించిన కాగితం, పెన్సిలు. మామిడి చెట్టు కింద కూర్చుని, ఎదురుగా ఉన్న పూగుత్తి మీద పావుగంటలో ఏ పురుగు ఎన్నిసార్లు వాలిందో గీతలు గీయాలి. తర్వాత పక్క గుత్తి. తర్వాత పక్క చెట్టు. మా అత్తగారికి నా ఉద్యోగం కడదాకా అర్థం కాలేదు. "పురుగులు లెక్కబెడితే జీతమిస్తారా?" అని చుట్టాల ముందు అడిగేది. చిన్నబుచ్చాలని కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగేది.

ఈమధ్య ఒక కాలేజీకి పిలిస్తే వెళ్లాను. "మీ ఉద్యోగంలో మరిచిపోలేని రోజు ఏది మేడం?" అని ఒకమ్మాయి అడిగింది. ఏ అవార్డు సంగతో చెబుతానని పిల్లలు పెన్నులు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. నాకేమో కరవాడు సంచితో తిరుపతి బస్టాండులో బస్సెక్కిన రోజు గుర్తొచ్చింది. కరవాడంటే మా వైపు ఎండుచేప. అప్పుడు టైము చాలక ఏదో చెప్పి బయటపడ్డాను. ఆ అమ్మాయికీ, ఈ పనిలోకి రాబోతున్న మిగతా పిల్లలకీ ఆ సంగతి ఇప్పుడు పూర్తిగా చెబుతాను. ఇందులో ఒక మనిషి ఏడాది పంట ఉంది. నా పొగరూ ఉంది.

అప్పటికి పండ్లతోటల పరిశోధన కేంద్రం ఒకదానిలో పురుగుల విభాగం నాది. చిత్తూరు వైపు మామిడి రైతులకు ఒక 'ఆదర్శ తోట' తయారు చేసి చూపించమని మా అధిపతి నాకు పని అప్పగించారు. దామలచెరువు దగ్గర్లో ఒక పెద్దాయన తన తోట ఇస్తానన్నాడు. అరవై దాటిన మనిషి, వాళ్ల నాయన నాటిన బెంగళూరా రకం మామిడి చెట్లు, వంద దాకా ఉంటాయి. మిగతా భూమి వానను నమ్ముకున్న చేను. అందులో వేరుశనగ పండిన ఏడాది పండినట్టు, లేని ఏడాది లేనట్టు. ఇల్లు గడిచేది ఈ చెట్ల మీదే. ఆ సంగతి మొదటి రోజే చెప్పాడు. నేను తలూపాను. తలూపడానికి ఏం ఖర్చు.

తోటలో అడుగు పెట్టగానే ముక్కు మూసుకోవలసి వచ్చింది. అక్కడక్కడ కొమ్మలకు పాత బుట్టలు వేలాడుతున్నాయి. వాటి నిండా చెడిపోయిన కరవాడు.

"ఇదేంది పెద్దాయనా?" అన్నాను.

ఆయన సిగ్గుపడ్డాడు. "దిష్టికి మేడం. పూతకాలంలో మా నాయన కడతా ఉన్న్యాడు. నేనూ అట్లే కడతాండా."

"ఈ కంపుకి దిష్టి సంగతేమో గానీ మనుషులు కూడా రారు. రేపు ఇక్కడికి వందమంది రైతుల్ని తీసుకొస్తాం. తీసేయండి."

ఎదురు చెప్పలేదు. ఆ సాయంత్రమే తీసేశాడు. తోటలో ఉన్న పేడదిబ్బను కూడా దూరంగా తరలించమన్నాను. తరలించాడు. పూత విచ్చుకున్నాక మందు కొట్టొద్దని చెప్పాను. పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకు మొగ్గ దశలోనే కొట్టించి ఆపేశాం. పరాగసంపర్కానికి నా సొంత ఏర్పాటుగా తేనెటీగల పెట్టెలు ఎనిమిది తెప్పించి వరుసగా పెట్టించాను. తోట అద్దంలా ఉంది. ఫోటోలు తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. అధిపతి నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది.

నాకొక ఫీల్డ్ అసిస్టెంట్ ఉండేవాడు. ఏర్పేడు వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. వయసులో పెద్దవాడు కాబట్టి అన్నా అనేదాన్ని. లెక్క రాసే ఫారం నేనే తయారు చేశాను, దాని మీద నాకు కొంచెం గర్వం కూడా. తేనెటీగలకు ఒక గడి, చిన్న తేనెటీగలకు ఒకటి, సీతాకోకచిలుకలకు ఒకటి, చివర్లో సన్నగా 'ఇతరాలు' అని ఒకటి. అన్న ఏ తోటకు వెళ్లినా ఆ చివరి గడి పట్టక గీతలు పక్క మార్జిన్లోకి పాకేవి.

"ఈగల్ని యాడ ఎయ్యమంటారు మేడం? ఈ గడిలో పట్టడంలేదు" అని అడిగాడొకసారి.

"ఈగల లెక్క మనకెందుకన్నా. పట్టిక పాడవుతుంది. వాటిని వదిలేయ్."

ఆయన తలపాగా సర్దుకుని, "వాల్తాండాయి గదా అని అడిగినా" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

పూత బ్రహ్మాండంగా వచ్చింది. ఆకు కనపడనంత పూత. పక్క తోట వాళ్లు గట్టు మీద నిలబడి చూసి పోయేవాళ్లు. నేను వారానికొకసారి వెళ్లి, లోపల్లోపల పొంగిపోయి వచ్చేదాన్ని. మూడు వారాల తర్వాత పెద్దాయన ఫోను చేశాడు.

"మేడం, ఒకసారి వస్తారా? ఏం లేదు, ఊరికే సూసిపోదురు."

ఆ 'ఏం లేదు' అన్న తీరుకే ఏదో జరిగిందని అర్థమైంది. వెళ్లాను. పూత ఎండి రాలిపోయింది. గుత్తులు చీపురు పుల్లల్లా నిలబడి ఉన్నాయి. ఒక్కో చెట్టుకు వెతికితే అయిదారు పిందెలు. గట్టుకు అవతల, ఏ శాస్త్రవేత్తా అడుగు పెట్టని తోటలో, బఠాణీ గింజంత పిందెలు గుత్తుగుత్తుకూ దిగి ఉన్నాయి.

మా అధిపతి మంచు వల్ల అన్నారు. ఆ ఏడాది ఉదయం పూట పొగమంచు పట్టిన మాట నిజమే. కానీ మంచు గట్టు దగ్గర ఆగిపోదు కదా. పెద్దాయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా ఇంటికి తీసుకెళ్లి మజ్జిగ ఇప్పించాడు.

మర్నాడు సూర్యోదయానికే తోటలో ఉన్నాం, నేనూ అన్నా. బెంగళూరాలో ఒక మేలు ఉంది, కొన్ని కొమ్మలు ఆలస్యంగా మళ్లీ పూస్తాయి. తోటలో సుమారు సగం చెట్లకు ఆ రెండో పూత అప్పుడే విచ్చుకుంటోంది. పదిహేను రోజుల్లో అది కూడా రాలిపోతే ఆ ఇంటికి ఆ ఏడాది ఏమీ లేనట్టే. అందుకని ఈసారి ఫారం పక్కన పెట్టి, ఊరికే చూద్దామని కూర్చున్నాను. ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఎదురుగా ఉన్న గుత్తి మీద ఒక్క తేనెటీగ వాలితే ఒట్టు. పెట్టెల ముందు మాత్రం రద్దీగా ఉంది. పెట్టె నుంచి బయల్దేరిన తేనెటీగలన్నీ మామిడి కొమ్మల మీదుగా నేరుగా ఎటో పోతున్నాయి. నేను గొడుగు మూసి వాటి వెనక పరుగెత్తాను. యాభై నాలుగేళ్ల మనిషిని, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, గట్లు దాటుకుంటూ. చివరికి అవి చేరింది ఒక కందిచేను. పసుపుపచ్చగా విరగబూసి ఉంది. నేను ఎంతో ముచ్చటపడి తెచ్చిన ఎనిమిది పెట్టెల సైన్యం అక్కడ కందిపూలు ఏరుకుంటోంది. మామిడి పూత అంటే వాటికి పెద్ద ఇష్టం లేదు. చిన్నప్పటి పాఠంలో పువ్వు పక్కన తేనెటీగ బొమ్మ ఉంటుంది కదా. నేను అన్ని డిగ్రీలు చదివీ ఆ బొమ్మ దగ్గరే ఆగిపోయాను.

వెనక్కి వచ్చేసరికి అన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "పక్క తోటలోకి పోదామా మేడం?" అన్నాడు.

పక్క తోటలో ఎరువు కోసం గొర్రెల మంద తోలి ఉన్నారు. పెంట, మూత్రం, వాసన. ప్రతి పూగుత్తి మీదా ఈగలు. ఇంట్లో వాలేవి, పచ్చగా మెరిసేవి, బూడిద రంగువి. ఒక పచ్చ ఈగను సీసాలో పట్టి భూతద్దం కింద పెట్టాను. దాని రొమ్ము మీద వెంట్రుకల నిండా పుప్పొడి. ఎంత సేపు చూశానో తెలియదు. ఆ ఈగ కాళ్లు రుద్దుకుంటోంది, పుప్పొడి ఇంకా కిందికి పాకుతోంది. నాకు సిగ్గు, సంతోషం రెండూ ఒకేసారి కలిగాయి. పట్టరానంత సంతోషం. ఒక మనిషి పంట పోయిన చోట నిలబడి అంత సంతోషం కలగడం తప్పే. కానీ కలిగింది, దాచను.

"ఇంతకుముందు మనం తిరిగిన తోటల్లో కూడా ఇట్లే ఉండేదా అన్నా?" అని అడిగాను.

"రాసినా గదా మేడం."

"ఎక్కడ? వదిలేయమన్నాను కదా."

"ఫారం ఎనకపక్క. ముందరపక్కనే గదా మీరు వద్దనింది."

మూడేళ్ల ఫారాలు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. అన్నీ తిప్పి చూశాను. ప్రతి కాగితం వెనకా పెన్సిలుతో, అయిదేసి గీతలు కట్టలు కట్టినట్టు, ఈగల లెక్క. చెట్టు పేరుతో, వేళతో సహా. ముందరి వైపు నేను ముత్యాల్లా తీర్చిదిద్దిన పట్టికలో పనికొచ్చేది పెద్దగా లేదు. కావలసిందంతా వెనక ఉంది. ఆ ఏడాదే ఆయన రిటైరయ్యాడు. సన్మానంలో శాలువా కప్పుతుంటే నా చెవి దగ్గరికి వంగి, "ఈగల లెక్క ఇంక ఎవురు రాస్తారు మేడం?" అని అడిగాడు. నేను రాస్తానన్నాను.

బీరువా తెరిచిన మర్నాడే ఆ ఫారాలు పట్టుకుని పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన భార్య కూడా అక్కడే ఉంది. "తప్పు నాది పెద్దాయనా. ఆ కరవాడు ఈగల్ని పిలిచేది. ఈగలు వస్తేనే పిందె పడుతుంది. నేను తీయించాను. పేడదిబ్బ కూడా నేనే తీయించాను" అని ఒక్క ఊపులో చెప్పేశాను.

ఆయన ఫారాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, "అయితే దిష్టికి కాదా అది?" అన్నాడు.

"మీ నాయన ఏమని చెప్పేవాడు?"

"ఏం చెప్పేవాడు కాదు. కట్టమనేవాడు. దిష్టికని మేమే అనుకున్న్యాం."

బుట్టలు మళ్లీ కడదామన్నాను. "అవి పొయ్యిలో పెట్టేస్తిమి గదమ్మా" అంది ఆయన భార్య. బుట్టలు తను చూసుకుంటాననీ, కరవాడు మాత్రం ఆ ఊళ్లో అంత దొరకదనీ పెద్దాయన అన్నాడు. అది తెచ్చే పని నేను పెట్టుకున్నాను.

అధిపతికి చెప్పినప్పుడు ఆయన ఒప్పుకున్నారు, కానీ ఒక షరతు పెట్టారు. "సగం చెట్లకే కట్టండి. సగం వదిలేయండి. అప్పుడే కదా కారణం ఈగలో మంచో తేలేది." అది అక్షరాలా నిజం. పోల్చి చూడటానికి ఏమీ కట్టని చెట్లు లేకపోతే అది పరిశోధన కాదు, ఊహ. ఏ విద్యార్థి అయినా నా దగ్గరికి అలా వస్తే నేనే తిప్పి పంపేదాన్ని. కానీ పూతలో ఉన్నవే సగం చెట్లు. వాటిలో మళ్లీ సగం ఎండనివ్వమని, నా వల్ల ఒకసారి నష్టపోయిన మనిషిని అడగడానికి నాకు నోరు రాలేదు.

"ఏ చెట్టు వదిలేయమంటారు సార్, మీరే వచ్చి చూపించండి" అన్నాను.

"నువ్వు జాలిపడుతున్నావు. శాస్త్రవేత్తగా మాట్లాడటం లేదు" అన్నారు.

అదీ నిజమే. అయినా అన్ని చెట్లకూ కట్టించాను.

తిరుపతి మార్కెట్లో అమ్ముడుపోని కరవాడు రెండు సంచులు కొని బస్సెక్కాను. బస్సు నిండా కొండ దిగి ఊళ్లకు పోతున్న వాళ్లు, గుండ్లకు చందనం పూసుకుని ఉన్నారు. పక్క సీట్లో పెద్దావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏందమ్మా ఇది, సామి దర్శనం సేసుకోని వస్తాంటే" అంది. కండక్టరు నన్ను ఎగాదిగా చూసి, చదువుకున్న దానిలా ఉన్నాననుకున్నాడేమో, దించేయలేదు, వెనక సీటుకు పంపాడు. "దేనికి మేడం అంత?" అన్నాడు టికెట్ ఇస్తూ. "మామిడి చెట్లకు" అన్నాను.

ఆదర్శ తోట చూపించే రోజు ముందే ఖరారైంది, వాయిదా కుదరలేదు. బుట్టలు కట్టిన నాలుగో రోజే రైతులు వచ్చారు, అధిపతి వచ్చారు. షామియానా కింద అందరి ముక్కులకూ తువ్వాళ్లు. తలపైన ఈగల రొద. మంచు సంగతి చెప్పి సరిపెట్టమని అధిపతి నాతో ముందే అన్నారు. మైకు తీసుకున్నాను. ఎండిన గుత్తులు అందరికీ ఎదురుగా కనపడుతూనే ఉన్నాయి.

"ఈ తోటలో మొదటి పూత నిలబడకపోవడానికి కారణం నేను అయ్యుండొచ్చు" అన్నాను. బుట్టలు తీయించిన సంగతీ, ఈగల లెక్కా చెప్పాను.

ముందు వరుసలో ఒక రైతు లేచాడు. "అయ్యుండొచ్చా, అయినారా? ఏదో ఒకటి తేల్చి సెప్పండి మేడం. మేం బుట్టలు కట్టాల్నా వద్దా?"

"కట్టమనే చెబుతాను. కానీ కారణం ఈగలేనని రుజువు నా దగ్గర లేదు. మంచు కూడా పట్టింది. నాకు నమ్మకం ఉంది, తెలిసింది మాత్రం కాదు."

అంత ఉద్యోగంలో 'తెలియదు' అని మైకులో చెప్పడం అదే మొదటిసారి. అధిపతి వాచీ చూసుకున్నారు. భోజనాలకు లేద్దామని ఎవరో అనేదాకా నేను మైకు పట్టుకునే నిలబడి ఉన్నాను.

రెండో పూత నిలబడింది. పిందె పడింది, కాయ దిగింది. అయినా ఎప్పటి పంటలో సగం కూడా రాలేదు. ఆ వేసవి పెద్దాయన, ఆయన భార్య పక్క తోటలో మామిడి కోతలకు కూలికి పోయారు. సొంత తోట పెట్టుకుని.

మళ్లీ ఆ ఊరికి ఏ మొహంతో వెళ్లాలా అనుకుంటుండగానే, మరుసటి ఏడాది పూత మొదలయ్యే ముందు ఆయనే ఫోను చేశాడు. నేను వెళ్లేసరికి తోటంతా బుట్టలు కట్టేశాడు. బావి గట్టు మీద నాలుగు లేత చెట్లు ఉన్నాయి, మనిషికి కొంచెం మించిన ఎత్తు, కాపుకు వచ్చి రెండేళ్లు. నన్ను వాటి దగ్గరికి తీసుకెళ్లాడు. చెట్ల చుట్టూ కర్రలు పాతి ఉన్నాయి. పక్కన నైలాన్ తెర చుట్టలు.

"పలమనేరులో మా బామ్మర్ది పట్టుపురుగుల షెడ్డు ఎత్తేసినాడు. ఈగలు దూరకుండా కట్టే తెర ఇది. పూత ఇడవకముందే ఈ నాలుగిటికీ కప్పేస్తాం. లోపలికి ఈగ పోదు. కాస్తాదో లేదో సూద్దాం" అన్నాడు.

"ఈ నాలుగు చెట్ల కాయ పోతుంది పెద్దాయనా" అన్నాను.

"పోనీ మేడం. ఆ పొద్దు మైకులో తెలీదంటిరి గదా. నాకు మాత్రం తెలుసుకోవాలని ఉండదా?"

నేను చెట్ల చుట్టూ ఒకసారి తిరిగాను. అలవాటు ఊరుకోదు కదా. "తెర వేస్తే నీడ కూడా పడుతుంది. కాయకపోతే అది నీడ వల్లా, ఈగలు లేకా? ఎట్లా తెలుస్తుంది?" అన్నాను.

ఆయన గడ్డం గోక్కుంటూ చెట్ల వైపు చూశాడు. నేను జవాబు చెప్పబోయి నోరు మూసుకున్నాను.

"అయితే రెండిటికి మొత్తం మూసేస్తాం. రెండిటికి పైన కప్పి, పక్కలు తెరిసి పెడతాం. నీడ నాలుగిటికీ ఒకటే ఉంటాది. ఈగ రెండిట్లోకే పోతాది."

మేం రెండేళ్లు క్లాసులు చెప్పినా కొందరికి ఎక్కని పాఠం అది. మర్నాడు ఆయన భార్య తెరలు కుట్టింది, నేను సూదికి దారం ఎక్కించి ఇచ్చాను. పూత ఉన్నన్నాళ్లూ వారానికి రెండుసార్లు వెళ్లి, ఫారం ముందు వైపునే ఈగల లెక్క రాసుకొచ్చాను.

జూన్‌లో కోత రోజు నేను వెళ్లేసరికి పక్కలు తెరిచిన రెండు చెట్ల కింద కాయలు కుప్పగా పోసి ఉన్నాయి. పూర్తిగా మూసిన రెండు చెట్ల కాయలు విడిగా ఒక బుట్టలో ఉన్నాయి. ఏడు కాయలు. ఆయన వాటిని తీసి నేల మీద వరుసగా పెట్టాడు. మళ్లీ బుట్టలో వేశాడు. చెట్టు చుట్టూ తిరిగి ఆకుల్లో ఎక్కడైనా మిగిలిందేమోనని చూశాడు. ఇంకేమీ లేదని రూఢి చేసుకున్నాక ఇంటి వైపు తిరిగి కేకేశాడు.

"ఏమే, బిరీన రా. ఈ రెండు చెట్లకీ ఏం కాయలా. మా నాయన దిష్టికి కట్టలా."

ఆమె వచ్చి బుట్టలోకి చూసింది, మొగుడి మొహంలోకి చూసింది. "పంట పోతే నవ్వుతాండావు, నీకేమన్నా అయిందా?" అంది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆమె నా వైపు తిరిగింది, నేనైనా సర్ది చెబుతానని. నా పరిస్థితీ అంతే ఉంది.